కొరికిన సకినం

పటంల ఆ దీవి
కొరికిన సకినం లెక్క ఉన్నది.
"నడుమ కొండ పేలితే సముద్రం సొచ్చిందట"
కంపెనీ క్యాలెండర్ వెనుక గీసి చూపిండు ఓదెలు.

గోదావరిఖని బాయిల
ముప్పైయొక్క ఏండ్లు దిగిన మనిషి.
దగ్గుకు లెక్క లేదు గని
గ్రాట్యుటీకి పైస పైస లెక్కున్నది:
విమానానికింత, ఓడకింత,
గాడిద మీద గుట్టెక్కుడుకింత.
"గాడిద నాకొద్దు, మెట్లెక్కుత" అన్న.
"నీ మోకాళ్ళకు ఇంకో వెయ్యి" అని రాసిండు.

తెల్లటి ఇండ్లు, నీలం గుమ్మటాలు
ఏజెంటు పిలగాడు ఫోన్ల చూపెడ్తాంటే
ఈయన అడిగేది ఒకటే:
ఇసుక నల్లగుంటదా? తొక్కితే కాలుతదా?
భూమి తనంతట తనే బయటికొచ్చిన జాగ
చూడాల్నట.
ఇన్నేండ్లు తనే లోపలికి పోయిండు గద.

"మళ్ళ పేలితే?"
"అది పండుకున్నది."

రెండున్నరైంది.
ఓపెన్ కాస్టుల బ్లాస్టింగు.
గిన్నెలు గలగలమన్నయి.
గోడ పర్రెలకెల్లి సున్నం రాలి
దీవి తెల్లగైంది.
ఆయన ఉఫ్ మని ఊది
మళ్ళ లెక్క కాడికి పోయిండు.
చాయల దుమ్ము పడకుండ
గిలాస మీద అరచెయ్యి మూసి అడిగిన:
ఆడ అన్నం దొర్కుతదా,
బియ్యం మనమే మోస్కపోవాల్నా?