వానకోటు బేరం

లతీఫ్‌మియా పోరన్ని చెంబెడు నీళ్లు తెమ్మన్నడు.
కోటును కౌంటరు మీద పరిచి
నడుమ గుంత చేసి పోసిండు.
"లెక్కపెట్టు బీరయ్యా, నూరు దాక."

నూరు అయ్యేలోపట
కల్వకుర్తి బజారు సగం తడిసింది.
కింద చెయ్యి పెట్టి చూస్తే పొడి.
"కుట్ల కాడ పొయ్యి మియా," అన్న.
"నీళ్లు బట్టలకెల్లి రావు, కుట్లకెల్లి వస్తయి."
ఆయన నవ్విండు.
"దెబ్బ తిన్నట్టున్నవ్."

తిన్న. మూడు కోట్ల దెబ్బ.
మొదటిది తొడల నడుమ కుట్టు ఇడిసింది;
సీటు మీద చిన్న కుంట కట్టుకొని
రఘుపతిపేట దాక దాంట్లనే కూసున్న.
రెండోదానికి జిప్పు మీద రెక్క లేదు,
యాభై స్పీడుల చినుకు చినుకూ రొమ్ముల దిగింది.
మూడోది మంచిదే. మరీ మంచిది.
బయటి వానను ఆపింది,
నా చెమటతోటి నన్నే నానబెట్టింది.

అంతకు ముందు మా నాయన గొంగడి.
కొప్పెర పెట్టుకొని గొర్రెల ఎనుక నిలబడితే
ఎంత వానైనా ఉన్ని వాసనైపోయేది.
బండి మీద అది పనికిరాదు;
తడిస్తే పొట్టేలంత బరువు,
అంచు చక్రంల పడితే అంతే సంగతి.
నడిచెటోని బట్ట అది.
నేను గోపాలమిత్రను.

ఎనుక సీటుకు కట్టిన క్యాను,
మూత తీస్తే నత్రజని పొగ,
పొగల గడ్డిపరకలసుంటి గొట్టాలు,
గొట్టానికొక ముర్రా దున్న.
పొద్దుగాల ఎదకొస్తే పొద్దుమూకి సూది,
పొద్దుమూకి ఎదకొస్తే పొద్దుగాల సూది.
వాన తగ్గినంక వస్త అంటే
మల్ల ఇరవయ్యొక్క దినాలు,
రైతుకు అన్ని దినాల పాలు గంగల కలిసినట్టే.

రంగు కాడ పడ్డది పంచాయితి.
మణెమ్మ ఫోన్ల చెప్పింది:
"నారింజదే తే. లారీలోనికి కనవడాలె నువ్వు."
నేను నల్లది ఇడుస్తలేను.
తెల్కపల్లి పోతులయ్య కొట్టంల పోయినేడు
నా కోటు గలగలమంటే
తొలుసూరు బర్రె బెదిరి
గోడకూ నాకూ నడుమ సందు లేకుండ చేసింది.
రెండు పక్కటెముకలు.
మంచంల పన్న నెలల ముప్పై సూదులు పోయినయి.

"చప్పుడు చెయ్యనిది ఉన్నదా మియా?"
ఆయన ఒక్కో కోటు చెయ్యిని
చెవి కాడ పెట్టుకొని నలిపిండు.
అన్నీ మాట్లాడినయి.
నల్లది గొణుగుతది, నారింజది అరుస్తది.
బేరం చేసుకుంట చేసుకుంట
ఇద్దరం చెవులు రిక్కించి నిలబడ్డం,
దుకాణంల ఇంకొకాయన
మాకు పిచ్చి లేసిందనుకున్నడు.

పదహారు వందలకు నారింజదే తెగింది.
కుట్ల మీద టేపు, జిప్పుకు రెండు రెక్కలు,
గూడల కింద గాలికి చిల్లులు.
"గ్లౌజు లోపట, కోటు చెయ్యి మీద," అన్నడు మియా.
"ఉల్టా చేస్తివా, వేళ్లు బాయిల ఉన్నట్టే."

రాత్రి రెండో జాముకు ఫోను. పోతులయ్యే.
పొద్దుమూకే ఎద చూసిండట,
వాన చూసి నాకు చెప్పనీకె మొగమాటపడ్డడట.
దుందుభి వాగు ఇంకా కల్వర్టు కిందనే ఉన్నది.
ఎదురుంగ వచ్చే లారీ దూరంకెల్లే లైటు దించిండు.
మణెమ్మ గెలిచింది.

కొట్టం ఇరవై అడుగులు ఉండంగ బండి ఆపిన.
కోటు ఇప్పి సీటు మీద పరిచిన,
క్యాను ఎత్తుకొని వానల నడిచిన.
అంగి ఒంటికి అతుక్కున్నది.
అదే బర్రె.
మూతి సాపి వాసన చూసింది,
తోక ఒకసారి ఆడిచ్చి ఊకున్నది.

"కొత్త కోటు కొన్నవంట గద," అన్నడు పోతులయ్య
లైటు పట్టుకొని.
"ఇట్ల తడిసినవేందే?"
భుజం దాక ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుంటున్న.
ఆ రాత్రి నా ఒంట్ల
పొడిగ, ఎచ్చగ ఉన్నది ఆ చెయ్యొక్కటే.
బయట గాలికి
పదహారు వందలు గలగలమంటున్నయి.
"దానికి చెప్పొద్దు," అన్న.