రెండు చెవుల కాటుక

తొందరపడబాక ఢిల్లీరాణీ,
నాలుగేండ్లు కలెక్టరాఫీసు మెట్లెక్కి దిగి
లైసెన్సు పుస్తకం తెచ్చుకున్నదానివి,
ఇంకో అర్ధగంట ఈ బెంచీ మీద కూర్చో.
టీ వస్తాంది. చక్కెర తక్కువే చెప్పినా.

మూడుండాయి నా కాడ.
మూడిట్లో దేనికీ గొట్టం బాగలేదు.
దాచేదేముంది, నువ్వొచ్చిందే అందుకు గదా,
పాతదొకటి ఏరుకుని
కొత్త గొట్టం ఎక్కించుకోవాలని.

ఇది ఒకప్పటి జమీందారుది.
కొయ్య మీద కణితి తలకాయ చెక్కినాడు
ఏ ఆచారో, కండ్లు ఇంకా తడిగానే ఉండాయి.
మొన్న పలమనేరు డాక్టరొకాయన
ఒళ్ళో పెట్టుకుని ఫోటో దిగి పోయినాడు.
దుర్భిణీ బిగిస్తామని దీని వీపున
ఎవడో నాలుగు బెజ్జాలు తొలిచినాడు,
నాలుగూ నాలుగు దిక్కులు చూస్తాయి.
కణితికి డబ్బిస్తావా, ఉక్కుకిస్తావా?

రెండోది నిగనిగలాడతాంది.
కొన్నప్పుడు నాకే ముద్దొచ్చింది.

మూడోది తియ్యాలంటే సిగ్గే నాకు.
సర్పంచి ఎలక్షన్‌కి స్టేషన్లో డిపాజిట్,
ఎమ్మెల్యేకి డిపాజిట్, ఎంపీకి డిపాజిట్,
మధ్యలో ఎవరో చచ్చిపోతే ఉప ఎన్నిక, మళ్ళా డిపాజిట్.
గోతాం చుట్టి మూలన నిలబెడితే
వానాకాలం గోడ చెమటంతా ఇదే తాగింది.
ఒక్క ఓటూ వెయ్యకుండా
అన్ని ప్రభుత్వాలకీ తుప్పు పట్టింది.

దీని గొట్టంలోంచి ట్యూబులైటు చూడు.
మెలికలు కనబడతాండాయా?
ఎండిపోయిన బోరులో టార్చి కొట్టినట్టుండాది గదా.
పోనీ. తీసి పారేసేదే అది.
గొట్టం పోతే కాన్పూరు నుంచి గొట్టం వస్తాది,
కాయితాలన్నీ అయినాక.
బోల్టు కాపరముండే ఈ ఇల్లు చూడు,
ఇది చెడితే యాడినుంచీ రాదు.

కాటుక ఉందా నీ సంచిలో?
ఇట్లియ్యి. నవ్వబాక.
మా అబ్బా ఖాదర్ మేస్త్రి దీపం మసితో చేసేవాడు,
ఇప్పుడు దీపాలెక్కడివి.
బోల్టు ముక్కు కాడ రెండు చెవులుంటాయి.
తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నంతా
ఆ రెండే మోయాల.
పూసి, మూసి, బిగించి, తీస్తే
ఆనిన చోట కాటుక చెరుగుతాది.

ముందు నీ నిగనిగలాడేదాన్ని చూద్దాం.
చూసినావా, కుడి చెవిన కాటుక లేనే లేదు.
ఎడమ చెవికి పూసింది పూసినట్టే.
ఇన్నేండ్లూ ఒక్క చెవే మోసింది,
రెండోది పక్కన నిలబడి చూసింది.

ఏమన్నావు? తెలిసిన కతేనా?
సరే, నేనేం అడగను.
టీ తాగు, చల్లారిపోతాది.

ఇప్పుడు తుప్పుదాన్ని.
ఇంత పొద్దు ఎందుకు పట్టిందంటే
కండ్లద్దాలు తుడుచుకున్నా, నమ్మకం లేక.
రెండు చెవులకీ అర్ధరూపాయి బిళ్ళంత,
అటు ఎంతో ఇటూ అంతే చెరిగింది.
కండ్లు మూసుకుని బోల్టు నెట్టు.
వింటివా? పాత బీరువా తాళం పడినట్టు.
తేమ పైనే తిరిగింది, లోపలికి రాలేదు.

వేట అనబాక తల్లీ, ఆ మాట మా తాతలది.
వేటలు పోయి యాభై ఏండ్లు దాటింది.
నీది రెండెకరాల చెనిక్కాయ,
రాత్రి పదకొండుకి దిగే పందులు.
దానికీ ఫారెస్టోళ్ళ కాయితం జేబులో ఉండాల.
ఏనుగొస్తే మాత్రం దీన్ని ముట్టనే ముట్టబాక,
తప్పెట కొట్టు, తప్పుకో.

చంపాలని లేదు, ఒక్క రాత్రి
తెల్లార్లూ నిద్రపోవాలంటావా.
దానికి తుపాకి చేసేవోడు నాకు తెలీదు.
నాకు తెలిసింది కొలతే.
చెయ్యి మడువు. ఇదిగో, మోచేతి మడత నుంచి
వేలు ట్రిగ్గరు మీద వంగే దాకా.
పక్క టైలరు టేపు ఇది, కొసన చిరిగింది,
ఒక అంగుళం తీసేసి లెక్కెయ్యాల.
ఇక్కడికొచ్చే కొయ్యలన్నీ ఆరడుగుల మొగోళ్ళకి కోసినవే.
భుజానికి కాక దవడకి తగిలేది నీకు.
అంగుళంన్నర కోస్తా.

కాటుక డబ్బాలో నా వేలి నూనె కలిసింది,
ఇంక కండ్లకు పెట్టుకోబాక, కొత్తది కొనుక్కో.
ఏందీ?
దాన్ని తుపాకికే ఉంచుతావా.

ఉంచు.
ఏడాదికొకసారి పూసి చూస్తాండు.