తరుగు ఖాతా

పట్నంబజారు గోడౌనులో
మినుముల బస్తాల దొంతర పక్కన వంగి,
టార్చి ఆర్పి, కలం తీసి
బీమా సర్వేయరు ఫణిభూషణం గారు రాశారు:
"బాండికూట్ వల్ల తరుగు. బస్తాలు నాలుగు."

నేను గుమాస్తాని. పద్దెనిమిదేళ్లుగా
పురుగు తెలుసు, బూజు తెలుసు, చెమ్మ తెలుసు.
ఈ బాండికూట్ ఏ దేశపు తెగులండీ, అన్నాను.
ఆయన నవ్వబోతే మిరప కోరు గొంతుకి తగిలి
దగ్గు, తెరలు తెరలుగా.
"పందికొక్కయ్యా బాబూ! మన పందికొక్కే!"

ఓసి నీ అసాధ్యం కూలా!
వే బిల్లు లేకుండా, సెస్సు కట్టకుండా
ఎప్పుడు ఓడెక్కావే?
ఏ దొర బంగళా వంటింట్లో దొరికిపోయి
వాడి నోట్లో "ప" కాస్తా "బ" అయ్యావు?
కొక్కు అరిగి కూట్ అయింది.
పందిని వాళ్లు గుర్తు పట్టనే లేదు.

టీ తాగుతూ ఇంకా చెప్పారు.
ఆస్ట్రేలియాలో ఎవడో కొత్త జంతువుని చూశాడు,
మూతి పొడుగు, పొట్టకి సంచి.
మన కొక్కుతో చుట్టరికం బొత్తిగా లేదు.
పేరు తోచక ఇదే తగిలించాడట,
మా పెద్దమ్మ కూతురు పోలమ్మని
హాస్టలు వార్డెను పద్మ అని రాసుకున్నట్టు.
మొన్నీమధ్య, మనిషి దిగకూడని మురుగు గుంతలోకి
దిగే యంత్రానికీ ఆ పేరేనట.

మా పేటలో అయితేనండీ, అన్నాను నేను,
రోడ్డు తిన్న కాంట్రాక్టరు కూడా పందికొక్కే.

ఆయన గ్లాసు కింద పెట్టారు.
"అక్కడ అది క్రియ కూడా.
పైన ఆకు వాడకుండా, మొక్క కదలకుండా
కింద దుంపలు తవ్వుకుపోతే
బాండికూట్ చేశాడంటారు."

నేను మాట్లాడలేదు.

కొల్లిపర చేలల్లో కోతలయ్యాక
మా అమ్మమ్మ చెంచమ్మ పలుగుతో కలుగులు తవ్వేది.
భుజం దాకా చెయ్యి పెట్టి
వెన్ను వెన్నుగా వడ్లు లాగేది.
కొక్కు రైతు దగ్గర, మేం కొక్కు దగ్గర.
"దాని పిల్లలకో దోసెడు ఉంచరా" అని
మట్టి మళ్లీ కప్పేది.
దానికి ఏ దేశంలో ఏ క్రియ ఉందో.

దొంతర వైపు చూశాను.
పై వరస కుట్టు చెదరలేదు. కింద బోలు.
నిమ్మకాయంత కన్నం ఒక్కటి.
కొక్కు గాటు కాదది,
కొక్కెం గాటు.
పోయిన అమావాస్య రాత్రి ట్రాలీ ఆటో వచ్చింది.
తాళంచెవి షావుకారుగారి మొలతాట్లో ఉంటుంది.

ఫణిభూషణం గారికీ కళ్లున్నాయి.
"సాక్షి సంతకం ఇక్కడ" అన్నారు
నా వైపు చూడకుండా.

తెలుగులో పెడదామనుకున్నాను.
ఫారం ఇంగ్లీషు.
పెట్టాను.

రాత్రి షట్టరు దించుతుంటే
కాలవ పక్కనుంచి వచ్చి నిలబడింది ఒకటి.
ముసలిది, తోక సగం లేదు.
నా కాళ్ల దగ్గర రాలిన నాలుగు మినుములు
నిదానంగా ఏరుకుని,
తన లెక్క తను తిని పోయింది.