పది కాడ్నుంచి

అబ్బాసియాలో గురువారం.
బడి బస్సులన్నీ వెళ్ళిపోయాక
స్టాఫ్ రూములో ఏసీ ఒక్కటే గొణుగుతోంది.
గోడ మీద కొత్త కాగితం:
సాల్మియా శాఖ తొంభై నాలుగు,
మన శాఖ అరవై ఒకటి.
కింద ఎర్ర సిరాతో ఒకే మాట, ఎందుకని?

ఎందుకని.
ఆరో తరగతి బీ సెక్షనులో మాబున్ని ఉంది.
ఏప్రిల్లో రాయచోటి నుంచి దిగింది.
ప్రశ్న ఇంగ్లీషులో ఉంటే బిక్కమొహం,
ఏడెనిమిదులంటే మాత్రం
యాభయ్యారని గొంతులోనే అనేది,
ముందు బెంచీ దాటకుండా.
ఒక ఫ్లాటు, మూడు కుటుంబాలు.
వంటగది ఖాళీ అయ్యేసరికి రాత్రి పదకొండు,
అప్పుడు గ్యాసు బండకి ఆనుకుని దాని చదువు.

మేలో లెక్కల్లో పదకొండు.
నవంబరులో నలభై మూడు.
పట్టికలోకి ఆ నలభై మూడే ఎక్కింది,
కిటికీలో సముద్రం ఉన్న ఇంట్లో
తొంభై దగ్గర బయల్దేరి
తొంభై ఒకటికి చేరిన పిల్లాడి పక్కన.
వాడి మీద నాకేం కోపం లేదు.
ఆ ఒక్క మార్కు కోసం వాడూ ఏ రాత్రో ఏడ్చే ఉంటాడు.

సాయంత్రం జాకెట్టు గుడ్డతో
దస్తగిరి కొట్టుకి వెళ్ళాను. మాబున్ని నాన్న.
మెళ్ళో టేపు, మొదటి పది అంగుళాలు
ఎప్పుడో చిరిగి రాలిపోయాయి.
కొత్తది కొనరాదా అన్నాను.
"దండగ మేడమ్. పది కాడ్నుంచి పట్టుకుంటా,
వచ్చిన దాంట్లో పది తీసేస్తా.
యాడ మొదులైందో గుర్తుంటే సాలు."
పళ్ళ మధ్య గుండుసూదులతో అన్నాడు,
భుజం కొలుస్తూ, వేరే ధ్యాసలో.

ఇంటికొచ్చి నా పట్టికలో ఇంకో గడి గీశాను:
వచ్చినప్పుడు ఎంత?

దయ చూపించమని కాదు.
నలభై మూడు నలభై మూడే,
యాభై అని వేస్తే మాబున్నే దిద్దిస్తుంది.
అది నడిచిన ముప్పై రెండూ
ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, అంతే.

ఒక్కో పేరూ నింపుతూ పోతున్నాను.
నిఖిలేశ్. ఆయిల్ కంపెనీ ఇంజనీరు కొడుకు.
ఇప్పుడు ఎనభై ఒకటి, మా సెక్షనుకే మొదటివాడు.
మొన్న అసెంబ్లీలో చప్పట్లు కొట్టించాను.
వచ్చినప్పుడు, ఎనభై ఎనిమిది.

పెన్ను ఆగింది.
ఆ ఏడు మార్కులూ
నా చేతిలోనే ఎక్కడో జారాయి.
ఇన్నాళ్ళూ ఏ కాగితమూ అడగలేదు కనుక
నేనూ వెతకలేదు.

రేపు శుక్రవారం, సెలవు.
ఆదివారం బడికి
ఈ పట్టిక తీసుకెళ్ళాలి,
ఆ గడి చెరపకుండా.