శవం వేషం

బ్రెమెర్‌హాఫెన్ రేవులో తెల్లారినప్పటి నుంచి ఒకటే జల్లు.
షూటింగ్ ఆగింది.
క్యాంటీన్ బండి రేకు కింద
ఇరవై రెండేళ్ల సీరియల్ మొత్తం
కాగితం కప్పుల్లో కాఫీ ఊదుకుంటోంది.

ఇన్‌స్పెక్టర్ వేషం హార్ట్‌విగ్ అంటాడు:
"నాకంటే ఈ కోటే బాగా నటిస్తుంది.
మొదటి ఏడు కొన్నది, మోచేతులకి రెండుసార్లు అతుకులు.
ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టానో దొరకదు,
నూట తొంభైమంది హంతకుల్ని పట్టావు కదయ్యా, వెతుక్కో
అంటుంది మా ఆవిడ."

కానిస్టేబుల్ వేషం ఓనో:
"నాకున్నది ఒక్కటే మాట.
'సార్, మీరిది చూడాలి.' పదకొండేళ్లుగా అదే.
ఓ రోజు ధైర్యం చేసి
'సార్, ఇది మీరు చూడాలి' అన్నాను.
కట్ చెప్పేశారు."

ఫాల్కో ఒకే ఒక్క ఎపిసోడ్ హంతకుడు,
ఇప్పుడు లైట్లు మోస్తాడు.
"ఆ వంటమనిషిని చంపి ఎనిమిదేళ్లయింది.
మా వీధి బేకరీలో ఇప్పటికీ
చిల్లర నా చేతికివ్వరు,
బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటారు."

నన్నెవరూ అడగలేదు.
శవాన్ని అడగడానికేముంది?
రెండో ఏట మునిగిపోయిన నావికుణ్ణి.
ఏడో ఏట మీసం అంటించి పన్నుల ఆఫీసరు.
పదమూడో ఏట కాలిపోయాను,
మొహం కనబడదని సగం డబ్బే ఇచ్చారు.
ఇవాళ, వాన తెరిపిస్తే, ఊరూ పేరూ తెలియనివాణ్ణి.
చచ్చినవాళ్ల మొహాలు జనానికి గుర్తుండవులే
అంటాడు నిర్మాత, మళ్లీ మళ్లీ నన్నే పిలుస్తూ.

తేలికనుకుంటారు.
యాక్షన్ అనగానే ముక్కు దురద పెడుతుంది.
స్టీలు బల్ల చలి వెన్నులోంచి దవడకెక్కుతుంది.
నలభై లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టగలను,
శవపరీక్ష డాక్టరు మాటలు
ఒక్కోసారి యాభై దాటతాయి.

ఆ డాక్టరు వీబ్కె.
అదిగో, స్టెప్పు మీద కూర్చుని
కప్పు అంచుని గోటితో చీలుస్తోంది, ఏమీ మాట్లాడదు.

రెండో ఏట, దుప్పటి సర్దుతున్నట్టు వంగి
నా చెవిలో అంది: యోహెన్.
నా పాత్ర పేరు పీట్.
పొరబడిందనుకున్నాను.
ఏడో ఏట, మీసం కింద ఉన్న నాకు: యోహెన్.
పదమూడో ఏట, బొగ్గు పూసిన చెవికి కూడా.

ఆ బొగ్గు కడుగుతూ మేకప్ ఆవిడ చెప్పింది.
సీరియల్ మొదలైన ఏడే, ఓ శనివారం చేపల బజార్లో
ఒక ముసలామె వీబ్కె చేతిసంచి పట్టుకుందట.
"డాక్టరమ్మా, మా వాడి ఫైలు మూసేశారు.
మీరొక్కసారి చూస్తే..."
నేను నటినమ్మా అనబోయింది. నోరు పెగల్లేదు.
పేరు చెప్పమంది.
చేపల రసీదు వెనక రాసుకుంది.
అంతే. ఆ తర్వాత ఏం జరిగిందంటే
ఏమీ జరగలేదు.

జల్లు సన్నబడింది. ఎవరో కేకేస్తున్నారు.
అప్పుడు హార్ట్‌విగ్ నా వైపు తిరిగాడు:
"టిల్‌మన్, నీ వేషం గురించి చెప్పలేదేం?"

"ఏముంది," అన్నాను, "చావకుండా పడుకోవడం."

రేకు అదిరేలా నవ్వారు.
వీబ్కె నవ్వలేదు.
ఇన్నేళ్లలో మొదటిసారి
తెరిచి ఉన్న నా కళ్లలోకి చూసింది.

ఇప్పుడు బల్ల మీద ఉన్నాను.
కాలి బొటనవేలికి అంకె కట్టారు.
చేతి తొడుగుల రబ్బరు వాసన దగ్గరికొచ్చి ఆగింది.
పదహారు. పదిహేడు.
ఇవాళ ఆలస్యమవుతోంది.
శవం మెడ తిరగకూడదు.
నాది కొంచెం, ఆమె వైపు, తిరిగిందేమో.
కట్ అని ఎవరూ అనలేదు.