ఐదున్నర ఆటో

ఆటో నాది కాదు. సాంబయ్యది.
అందులో ఎక్కేవాళ్ళు మాత్రం నా వాళ్ళు.
తలకి పది రూపాయలు నాకు.
ఫిబ్రవరి పడిందంటే గుంటూరు యార్డు వెనక షెడ్లలో
ముచ్చికలు తీసే చేతులు ఎన్నున్నా చాలవు.
పిల్ల చేతులైతే ఇంకా మేలు,
కాయ చిట్లదు, గింజ రాలదు.

పదమూడు మందిని కుక్కి, చీకటుండగానే
నల్లపాడు రోడ్డెక్కుతుంటే
ఒక పిల్ల సైకిలు అడ్డంగా పెట్టింది.
బెల్లు లేని సైకిలు. వెనక రబ్బరుతో కట్టిన లాంగు బుక్కు.
టిక్కీలు మోసే ఏసోబు కూతురు కెజియా,
ఇంటరు రెండో సంవత్సరం.

"పేరు?" అంది వెనక సీట్లోకి వంగి.
"షబ్రీను."
"ఎన్నో తరగతి?"
"ఏడు... ఇప్పుడు పోటంలా."
రాసుకుంది.
"పేరు?"
"మెర్సీ. ఆరు."
రాసుకుంది.
"ఏందే, ఎంక్వైరీనా?
వీళ్ళ ఇళ్ళల్లో పొయ్యి నువ్వెలిగిస్తావా?" అన్నాను.
ఆ మాట కూడా రాసుకుందేమో,
తలెత్తలేదు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

తర్వాత తెలిసింది,
బళ్ళో హాజరు పట్టీలో షబ్రీను రోజూ ఉందట.
మెర్సీ ఉందట. తిరుపతమ్మ మనవరాలు ఉందట,
మధ్యాన్నం గుడ్డు కూడా తినిందట.
నా ఆటోలో కూర్చున్న పిల్లలు
అదే పూట అక్కడ బెంచీల మీదా ఉన్నారట!
మాయలు నాకొక్కదానికే వచ్చనుకున్నా.

ఆ పట్టీ నకలూ, తన పుస్తకమూ పట్టుకుని
కలెక్టరాఫీసు లైన్లో మూడు సోమవారాలు నిలబడింది.
మొదటివారం సారు లేడు.
రెండోవారం అర్జీ మీద ఏదో నంబరు లేదు.
మూడోవారం, "నీకు వీళ్ళేమవుతారమ్మా?" అన్నారట.
"జూనియర్లండి" అందట.

ఆ పై వారం పెద్ద మాస్టారే కాలనీలోకి వచ్చాడు,
చెమటలు కక్కుకుంటూ, ఇల్లిల్లూ తిరుగుతూ,
ఉన్నారని తను రాసిన పిల్లల్ని వెతుక్కుంటూ.

కమీషను కొట్టు గుమస్తా ఒకడు
ఆ లాంగు బుక్కు లాక్కుని మురిక్కాలవలో పడేశాడు.
నా ముందే. నేనేం అనలేదు.
దాచుకుని ఏం లాభం, అనలేదు.
సాయంత్రం చూద్దును గదా, వాళ్ళ దండెం మీద
కాగితాలు ఆరుతున్నాయి, ఒక్కోదానికి ఒక్కో క్లిప్పు.
ఇంకు కరిగిపోయిన చోటల్లా
పిల్లలే వచ్చి తమ పేర్లు మళ్ళీ రాశారు.
వంకరటింకరగా. మెర్సీ అయితే రెండుసార్లు.

నెలాఖరుకి తొమ్మిదిమంది. మార్చికి ఆరుగురు.
సాంబయ్య అద్దె మాత్రం తగ్గలా.

షబ్రీను బడికెళ్ళిన మొదటిరోజు
మరిచిపోయి కన్ను నులుముకుందట.
ఘాటు వేళ్ళని అంత తేలిగ్గా వదలదు.
ఏడుస్తోందనుకుని టీచరు దగ్గరికి తీసుకుందట.
ఆ సంగతి చెప్పి వాళ్ళమ్మ పడీపడీ నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
నలభై ఏళ్ళుగా నా చేతులకి పెరుగు రాస్తున్నా,
ఒక్క టీచరూ అడగలా.

ఒక రాత్రి ఆ పిల్ల ఇంటికే పోయాను.
తగువు పెట్టుకుందామనే పోయాను.
కరెంటు లేదు. వాళ్ళమ్మ స్టూలు వేసింది.
"నా గురించి ఏం రాశావో చదువు" అన్నాను.
తడిసి ఆరిన పేజీలు
వడియాల్లా చప్పుడు చేశాయి.
బ్రోకరు అనో, పాపిష్టిది అనో
ఏదో ఒకటి ఉంటుందనుకున్నా.
ఆఖరి పేజీ దగ్గర ఆగి సెల్లు లైటు వేసింది.

"గద్దల రాహేలు. ఐదో తరగతిలో మానేసింది.
కారణం: మిరపకాయల కాలం."

ఎవరు చెప్పారని అడగలా. మా అక్కే అయ్యుంటుంది.
షబ్రీను పేరు రాసిన చేత్తోనే,
అదే గళ్ళలో, అదే వరసలో నా పేరు.
ముప్పై నాలుగోది.

"తప్పు" అన్నాను.
"ఏది తప్పు పిన్నీ?"
"ఐదు పాసయ్యాను నేను.
ఆరులో పదకొండు రోజులు కూర్చున్నాను.
కిటికీ పక్కన. దిద్దు."

కొట్టేసింది. రాసింది.
మళ్ళీ చదవమన్నాను.