ఎడంచేతి కుట్టు

నాది కార్లు కొనే పని కాదు,
కొనేవాళ్ల వెంట వెళ్లి అనుమానించే పని.
రోజుకింత అని తీసుకుంటాను,
భోజనం వాళ్లదే.

ట్యూరిన్ శివార్లలో, టైర్ల గోదాము వెనక
గ్వాల్తియేరో దుప్పటి లాగాడు.
నెమలికంఠం రంగు. ముందు జాలీ
పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.
బెర్న్ నుంచి వచ్చిన ఎష్లిమన్ పళ్ల డాక్టరు,
జీవితమంతా కట్టుడు పళ్లు చూసినవాడు,
ఆ నవ్వు ముందు నోరు తెరిచాడు.

"నలభై ఏళ్లుగా ఒక్క మేకు కూడా కదల్లేదు"
అన్నాడు గ్వాల్తియేరో, గుండె మీద చెయ్యేసి.

నేను నేల మీద పడుకున్నాను.
టార్చి, చిన్న అద్దం, రంగు మందం కొలిచే మీటరు.
ఛాసిస్ మీద నాలుగువందల పదిహేడు.
ఇంజిన్ మీదా అదే. కాగితాల్లోనూ అదే.
నాలుగు అంకె కాలు కాస్త విరిగి ఉంది,
ఆ కార్ఖానా అచ్చుకి పుట్టుకతో వచ్చిన అవిటితనం.
నూనె మరకలు కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయి.
అరవై ఏళ్ల వస్తువు
పరీక్షకి చదువుకుని వచ్చినట్టుంది.
అదే నచ్చలేదు నాకు.

అందుకే ఎర్సీలియా జకీనోని తీసుకొచ్చాను.
ఎనభై నాలుగేళ్లు. కారు నడపడం రాదు,
ఇంజిన్ ముందుంటుందో వెనకుంటుందో పట్టదు.
పదకొండేళ్లు ఆ కార్ఖానాలో సీట్లు కుట్టింది.

న్యూస్‌పేపరు పరిచి మోకాళ్ల మీద కూర్చుంది.
చేపల బజారులో మొప్ప ఎత్తినట్టు
సీటు అంచు ఎత్తి, లోపలికి చెయ్యి పోనిచ్చి
చూపు మాత్రం గోడ మీద పెట్టింది.

ఎడంచేతి వాటం మనిషి.
ఆమె కుట్లు అందరివీ వాలే వైపు వాలవు,
ఎదురుగాలికి నడిచేవాళ్లలా
అటు వంగుతాయి.
ప్రతి ఆరో కుట్టు దగ్గరా ఒక ముడి,
మేస్త్రీకి తెలియకుండా వేసుకున్న సంతకం.

"నాదే" అంది.

గ్వాల్తియేరో చప్పట్లు కొట్టాడు.
డాక్టరు అప్పుడే బ్యాంకుకి ఫోను కలుపుతున్నాడు.

"నంబరెంత?" అని అడిగిందావిడ.
చెప్పాను.
చేతిసంచిలోంచి అట్ట ఊడిన పుస్తకం తీసింది.
సీటుకింత అని కూలి ఇచ్చేవాళ్లట,
ఏ నంబరుకి ఎన్ని లీరాలో
తారీఖులతో సహా రాసుకుంది.
నాలుగువందల పదిహేను తర్వాత ఇరవై ఒకటి.
మధ్యలో ఖాళీ.
ఆ ఖాళీలో పెన్సిలుతో ఒకే ముక్క:
మూడు కిలోల రెండువందలు.

"మా రెండోది అడ్డం తిరిగింది, ఆసుపత్రిలో ఉన్నాను.
ఆ అయిదూ డెల్ఫీనా కుట్టింది.
కుడిచేతిది. ముడి నేర్పాను, నేర్చుకోలేదు."

గోదాములో ఎవరో టైరు దొర్లించారు.
అది పడేదాకా అందరం విన్నాం.

"సీటు మార్చి ఉండొచ్చుగా" అన్నాడు గ్వాల్తియేరో.
ఉండొచ్చు. నిజంగానే ఉండొచ్చు.
కానీ ఒక్క మేకూ కదల్లేదన్నది మీరే కదా?

ఎక్కడో చెట్టుకి గుద్దుకున్న దాని సీటు,
ఇంకెక్కడో కాలిపోయిన దాని ఇంజిన్,
ఏ చేతివాటం వీటిని ఒకచోట చేర్చిందో.
విడివిడిగా అడిగితే ప్రతి ముక్కా నిజమే చెబుతుంది,
కలిసి నిలబడితేనే అబద్ధం.
ఇదంతా రిపోర్టులో రాయను.
"పొంతన కుదరలేదు" అని రాస్తాను.

డాక్టరు ఫోను జేబులో పెట్టాడు.
కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.
తిరిగి, గొంతు తగ్గించి,
"అయితే ఎంతకిస్తారు?" అన్నాడు.

వాళ్లు బేరమాడుతుంటే
ఎర్సీలియా తలుపు తీసి లోపల కూర్చుంది.
పదకొండేళ్లలో ఒక్కసారీ కూర్చోలేదట.
రెండు చేతులూ సీటు మీద ఆనించి
చాలాసేపు ఊరుకుని,

"ఇంత కిందకా కూర్చోబెట్టేది మనుషుల్ని?" అంది.

బయటికి లాగడానికి ఇద్దరం కావలసి వచ్చింది.